గట్టు మీద ఇద్దరిద్దరు: గాలం చెరువులో శనివారం గ్రూప్ ప్యాకేజీ ఎలా ఉందంటే

మేడ్చల్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు చెరువులో శనివారాలు గ్రూప్ ప్యాకేజీ నడుస్తోంది. పొద్దున 6 నుంచి సాయంత్రం 5 దాకా. మొత్తం 12 మంది, ఒక్కో స్పాట్‌కి ఇద్దరు. ఒంటరిగా వచ్చినవాళ్లకి జోడీని నిర్వాహకులే కుదురుస్తారు. రాడ్లు, ఎర, మధ్యాహ్నం భోజనం అన్నీ ప్యాకేజీలోనే. ఇంటికి తీసుకెళ్లే చేపకి మాత్రం కిలో లెక్కన వేరే కట్టాలి. సంచి నిండా చేపలు కావాలనుకునేవాళ్లకి ఇది సరైన చోటు కాదు. ముక్కూ మొహం తెలియని మనుషులతో ఒక రోజు నింపాదిగా గడిపి, పోయేటప్పుడు ఫోన్ నంబర్లు తీసుకుని పోవాలనుకుంటే మాత్రం ఈ ఏర్పాటు చాలా బాగుంది. దానికి సగం కారణం ఆ ఇద్దరిద్దరి పద్ధతి, మిగతా సగం రాడ్ కొసకి తగిలించే, చేప లాగగానే మోగే గంట.

గాలం దగ్గర కూర్చున్న ఇద్దరి చూపూ నీళ్ల మీదే ఉంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, మాట ఆగినా ఎవరికీ ఇబ్బంది అనిపించదు, మళ్లీ పది నిమిషాలకి దానంతటదే మొదలవుతుంది. బిడియస్తులు కూడా ఇక్కడ మాట్లాడతారు. నీటి మీద తేలే బెండు వేస్తే కళ్లు దానికే అతుక్కుపోతాయి. గంట ఉంటే చెవి ఒక్కటి అటు వేస్తే చాలు, కబుర్లు నడుస్తూనే ఉంటాయి. పైగా జోడీకి ఒకటే ఎర గిన్నె ఇస్తారు. ఒకరు పొడులు కలుపుతుంటే ఇంకొకరు నీళ్లు చిలకరించాలి. ఒకరు చేపని లాగుతుంటే ఇంకొకరు జాలి, అంటే చేపని అందుకునే చిన్న వల, పట్టుకోవాలి. ముందు చేతులు కలుస్తాయి, పేర్లు అడగడం ఆ తర్వాత.

మధ్యాహ్నం భోజనాల తర్వాత జోడీలు మార్చడం ఇంకో మంచి పని. పాత జోడీకి పొద్దున బాగా పడిన లోతు, ఎర పాకం కొత్తవాళ్లకి చెప్పాల్సి వస్తుంది, అదే మాట కలపడానికి సరిపోతుంది. ఈ మార్పు ఒంటిగంటకి కాకుండా రెండున్నరకి పెడితే ఇంకా బాగుండేది. ఎండ మండే వేళ ఎలాగూ చేప తినదు, అప్పుడు అందరూ చెట్టు కింద కూర్చోవడమే నయం.

ఇక సామాను సంగతి. ఇచ్చేవి 7 అడుగుల మడత రాడ్లు, అంటే ఒకదానిలో ఒకటి దూరే గొట్టాల రకం. రీల్ 4000 సైజు, అంటే మధ్యరకం. తంగూసు, అంటే గాలానికి కట్టే నైలాన్ దారం, 0.35 మిల్లీమీటర్ల మందం. ఈ చెరువులో ఎక్కువగా ఉండే 1 నుంచి 4 కిలోల చేపలకి ఈ జత చక్కగా సరిపోతుంది. లోపమల్లా సంరక్షణలో ఉంది. 12 రాడ్లలో నాలుగైదింటికి తంగూసు తెల్లబారి, రీల్ నుంచి చుట్లు చుట్లుగా వస్తోంది. ఎండకి ఎక్కువ కాలం ఆరిన తంగూసు ఒక్కోసారి పైకి బాగానే కనిపిస్తుంది, కానీ ముడి దగ్గర పుటుక్కుమంటుంది. పొద్దున రాడ్ చేతికి రాగానే కొస నుంచి రెండు అడుగులు లాగి, మధ్యలో మామూలు ముడి ఒకటి వేసి రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి. వెంటనే తెగితే ఆ రాడ్ వెనక్కి ఇచ్చేయండి. రీల్ మీది చుట్టలో తంగూసు ఎంత ఉందో కూడా చూడాలి. చుట్ట అంచుకి 2, 3 మిల్లీమీటర్లు కిందిదాకా నిండి ఉండాలి. తక్కువైతే గాలం దూరం పోదు, అంచుదాకా నింపితే ఒక్క విసురుకే పిట్టగూడులా చిక్కుపడుతుంది.

మడత రాడ్‌ని తెరిచేటప్పుడు సన్నని కొస గొట్టంతో మొదలుపెట్టి, కింది లావు గొట్టం దాకా ఒక్కోటీ బయటికి తీయాలి. తంగూసు దూరే రింగులన్నీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో ఒక కన్ను మూసి చూసుకోవాలి. ఒక రింగు పక్కకి తిరిగితే తంగూసు అక్కడ రాసుకుపోతుంది. తిరిగి మడిచేటప్పుడు గొట్టం బిగుసుకుంటే లాగకూడదు, రెండు వైపులా పట్టుకుని మెలితిప్పాలి. గట్టు ఇసుక లోపలికి పోవడం వల్లే అలా బిగుసుకుంటుంది. అందుకే రాడ్‌ని నేల మీద పడేయకుండా ఇనప స్టాండుకి ఆనించండి. స్టాండులు ఇక్కడ స్పాట్‌కి రెండు ఉన్నాయి, గట్టిగా పాతారు, ఆ విషయంలో మెచ్చుకోవాలి.

కొత్తవాళ్లు ఎక్కువ చేపలు పోగొట్టుకునేది రీల్ బిగింపు దగ్గర, అంటే చేప ఎంత గట్టిగా లాగితే తంగూసు జారాలో తేల్చే మర దగ్గర. తెగుతుందేమోనన్న భయం లేకుండా మర పూర్తిగా బిగించేస్తారు. చేప ఒక్కసారి ఉరకగానే తంగూసు తెగుతుంది, లేకపోతే మూతి చీలి చేప పోతుంది. 0.35 తంగూసుకి బిగింపు సుమారు 2 కిలోల దగ్గర ఉండాలి. తూకం ఎందుకు, 2 లీటర్ల నీళ్ల సీసా చాలు. నిండు సీసా మెడకి తంగూసు కట్టి, రాడ్ కొసని నిట్టనిలువుగా కిందికి, సీసా వైపే ఉంచి మెల్లగా పైకెత్తండి. సీసా నేల విడవగానే రీల్ నెమ్మదిగా జారుతూ తంగూసు వదలాలి. అసలు జారకపోతే మర ఒక చుట్టు వదులు చేయండి. గిర్రున తిరిగిపోతే కాస్త బిగించండి. రాడ్‌ని పైకెత్తి వంచి మాత్రం ఈ పని చేయొద్దు, ఫైబర్ కొస విరుగుతుంది. ఒక జోడీ ఈ పని చేస్తుంటే పక్క స్పాట్ వాళ్లు వచ్చి చూసి, అదే సీసా అడిగి తీసుకెళ్తారు. ఆరు స్పాట్లు తిరిగాక గానీ సీసా వెనక్కి రాదు.

ఇక్కడ ఇచ్చే గాలం స్ప్రింగ్ రకం. ఇనప స్ప్రింగ్ చుట్టూ పిండి ముద్ద అద్దుతారు, దాని నుంచి పొట్టి దారాలకి ఐదారు చిన్న కొక్కేలు వేలాడుతుంటాయి. పని చేస్తుంది, కానీ ఆరు కొక్కేలు ఎక్కువ. చేప మూతికి ఒకటి పడితే మిగతావి పొట్టకీ మొప్పకీ గుచ్చుకుంటాయి, తీసేవాళ్ల వేళ్లకీ తగులుతాయి. అడిగితే కత్తిరించి రెండే ఉంచుతారు, తప్పకుండా అడగండి. కొక్కెం దారం రెండంగుళాలు మించితే స్ప్రింగ్‌కే చుట్టుకుంటుంది. కొక్కెం మొన పక్కనే వెనక్కి తిరిగి ఉండే ముల్లుని కటింగ్ ప్లయర్‌తో నొక్కేయండి. తంగూసు వదులు కానివ్వకపోతే ముల్లు లేకున్నా చేప ఊడదు, వేలికి దిగినా సులువుగా వస్తుంది. ముల్లున్న కొక్కెం లోతుగా దిగితే అక్కడ లాగే ప్రయత్నం చేయకుండా దారం కత్తిరించి ఆసుపత్రికి వెళ్లాలి, టీటీ ఇంజెక్షన్ సంగతీ అక్కడే అడగాలి.

ఎర విషయంలో ఈ చెరువువాళ్లు చెయ్యి తిరిగినవాళ్లు. ముందే కలిపిన ముద్ద ఇవ్వరు, పొడులిచ్చి కలుపుకోమంటారు. ఇద్దరికి పూటకి సరిపడా కొలత ఇది: మెత్తటి తవుడు 500 గ్రాములు, వేరుశనగ చెక్క పొడి 500 గ్రాములు, వేయించిన శనగపప్పు పొడి 200 గ్రాములు, మైదా 150 గ్రాములు, సోంపు పొడి ఒక చెంచా. ముందు పొడులన్నీ కలిపి, నీళ్లు చేత్తో చిలకరిస్తూ పిసకాలి. గిన్నెలో ఒక్కసారి పోస్తే పైన జారుగా, లోపల పొడిగా ఉండిపోతుంది. పిసికాక 15 నిమిషాలు తడిగుడ్డ కప్పి వదిలేస్తే చెక్క నానుతుంది. ఆ తర్వాతే అసలు పరీక్ష. నిమ్మకాయంత ఉండని బకెట్ నీళ్లలో వేయండి. నాలుగైదు నిమిషాలకి అంచులు రాలుతూ చుట్టూ మబ్బులా కమ్మాలి. వేసిన వెంటనే విడిపోతే గాలిలో విసిరినప్పుడే ఊడిపోతుంది, గుప్పెడు మైదా కలపండి. పావుగంటయినా రాయిలా కూర్చుంటే మైదా ఎక్కువైందని అర్థం, తవుడు పెంచండి. చాలామంది ముద్ద గట్టిగా ఉంటే మంచిదనుకుంటారు. ముద్ద కరిగితేనే వాసన పాకుతుంది, చేప దాన్ని పట్టుకునే వస్తుంది.

మొదట ఒకే చోట నాలుగైదు బత్తాయంత ఉండలు వేయాలి. తర్వాత 20 నిమిషాలకి ఒక స్ప్రింగ్ ముద్ద మారిస్తే చాలు. ఉత్సాహం కొద్దీ గంటలో కిలో పిండి నీళ్లలో పోసే జోడీలు ఉంటాయి. చేపలు కొక్కెం లేని పిండి తిని కడుపు నింపుకుంటాయి, మిగిలింది అడుగున పులిసి నీళ్లు చెడగొడుతుంది.

ఈ చెరువులో బొచ్చె, రవ్వ, ఎర్రమోసు, బంగారుతీగ, గడ్డిచేప ఉన్నాయి. కొద్దిగా రూప్‌చందు కూడా ఉంది. కోస్తా నుంచి వచ్చినవాళ్లు రవ్వని శీలావతి అంటారు, ఆ పేర్ల దగ్గరే ఒక గంట కబుర్లు నడుస్తాయి. ఏ చేప ఏ లోతులో తింటుందో తెలిస్తే సగం పని అయినట్టే. బొచ్చె మూతి పైకి తిరిగి ఉంటుంది, అది పై నీళ్లలో తింటుంది. దానికి బెండు గాలమే మేలు, ఎర రెండు మూడు అడుగుల లోతులో వేలాడాలి. రవ్వ నడి నీళ్లలో మేస్తుంది. ఎర్రమోసు, బంగారుతీగ అడుగున బురద కెలుకుతాయి. అడుగుకి పోయే స్ప్రింగ్ గాలానికి ఎక్కువగా ఇవే పడతాయి. ఇక్కడ అందరికీ స్ప్రింగ్ ఒక్కటే ఇచ్చి బొచ్చె పడలేదేమని అడిగితే సమాధానం ఉండదు. స్పాట్‌కి ఒక స్ప్రింగ్, ఒక బెండు గాలం ఇస్తే జోడీలో ఒకరు పైన, ఒకరు అడుగున వెతకొచ్చు. ప్యాకేజీలో మార్చాల్సిన మొదటి సంగతి ఇదే. సొంత బెండు తెచ్చుకుంటే అభ్యంతరం చెప్పరు. బెండుని ఒక చోట బిగించేముందు కొక్కేనికి సీసం గుండు తగిలించి వేసి, బెండు కొస నీటి మీద కనిపించేదాకా జరుపుకుంటూ వస్తే అక్కడ లోతెంతో తేలిపోతుంది. గట్టు నుంచి 20 అడుగుల దూరంలో ఇక్కడ సుమారు 6 అడుగుల నీళ్లున్నాయి.

కొరమీను పక్కనున్న చిన్న గుంటలో వేరేగా పెంచుతున్నారు, ఈ ప్యాకేజీలోకి రాదు. తెలంగాణ రాష్ట్ర చేప కదా, అందరూ అడుగుతారు. దాని గాలం తీరే వేరు, పిండికి రాదు.

వేళ గురించి ఒక ఫిర్యాదు ఉంది. 6 గంటలకే రమ్మంటారు గానీ 8 దాకా గంటలు పెద్దగా మోగవు. రాత్రంతా నీళ్లలోని పాచి, చేపలు కలిసి ప్రాణవాయువు వాడేస్తాయి, తెల్లవారుజామున అది అడుగంటి ఉంటుంది. ఎండ తగిలి పాచి మళ్లీ ప్రాణవాయువు వదలడం మొదలుపెట్టాకే చేపకి ఆకలి. అందుకే 8 నుంచి 11, మళ్లీ 3 తర్వాత అసలు వేళలు. పొద్దున ఆ రెండు గంటలు ఎర కలపడానికి, ముడులు నేర్పడానికి వాడితే బాగుంటుంది. కానీ ఇక్కడ సరిగ్గా 7 గంటలకి చెరువు మనిషి మేత బస్తా విప్పి మధ్యలో చల్లాడు. మేత తిన్న చేప గాలం వైపు చూడదు. బుక్ చేసేటప్పుడే మీ రోజు మేత ఎప్పుడు వేస్తారో అడిగి, సాయంత్రానికి మార్చమనండి. మబ్బు పట్టి గాలి ఆడని రోజు చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తుంటే అది మీకు అదృష్టం కాదు, వాటికి ఊపిరాడటం లేదు. గాలాలు తీసేసి, నీళ్లు చిమ్మే యంత్రం వెయ్యమని చెరువు మనిషికి చెప్పాలి.

గంట మోగినప్పుడు ఏం చేయాలో పొద్దునే అందరికీ ఒకసారి చూపిస్తారు, చాలా మంచి పద్ధతి. ఒకటి రెండు సార్లు టింగుమంటే అది చేప ముక్కుతో పొడిచి చూడటం, ఆగాలి. గంట ఆగకుండా మోగి కొస వంగితే రాడ్‌ని పక్కకి ఒక్క ఊపు, అంతే. తలమీదుగా వెనక్కి లాగితే స్ప్రింగ్ ఎగిరొచ్చి వెనకున్నవాళ్ల మొహానికి తగులుతుంది. అప్పుడే గట్టిగా "చేప!" అని అరవాలి, రెండు పక్కల స్పాట్లవాళ్లు తమ గాలాలు చుట్టేయాలి. ఈ ఒక్క నియమం పాటించకపోతే మూడు తంగూసులు ఒకదానికొకటి చుట్టుకుని అరగంట కత్తెర పని మిగులుతుంది. పాటిస్తే పక్కవాళ్లు ఎలాగూ లేచారు కాబట్టి చూడటానికి వస్తారు. ఇక్కడ పరిచయాలు చాలావరకు ఆ రెండు నిమిషాల్లోనే అవుతాయి.

జాలి పట్టుకున్నవాళ్లు చేప వెంట జాలి తిప్పకూడదు. జాలిని ముందే నీళ్లలో ముంచి కదలకుండా ఉంచాలి. లాగేవాళ్లు తల ముందుగా దాని మీదికి చేపని తేవాలి, అప్పుడు ఒక్కసారి ఎత్తాలి. తోక వైపు నుంచి జాలి తగిలిస్తే చేప ముందుకి ఉరికి తెంపుకుపోతుంది. గట్టు మీద తడిపిన గోనెసంచి పరిచి దాని మీద పెట్టండి, వేడి మట్టి మీద కాదు. చేతులు తడుపుకుని పట్టుకుంటే ఒంటి జిగురు ఊడదు. రూప్‌చందు నోట్లో వేలు పెట్టొద్దు, దాని పళ్లు గట్టివి. పొడుగు ముక్కు ప్లయర్ వాడాలి. చిన్నవాటిని తిరిగి వదలనిస్తారా, పట్టినవన్నీ కొనాల్సిందేనా అన్నది ఒక్కో చెరువులో ఒక్కోలా ఉంటుంది. ఇక్కడ అరకిలో లోపువి వదిలేయమంటారు.

భద్రత విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. పెద్ద చెరువు మట్టి గట్టే, కాళ్లు జారినా పట్టు దొరుకుతుంది. కొరమీను గుంటకి మాత్రం నల్ల ప్లాస్టిక్ షీటు పరిచారు. పాచి పట్టిన షీటు మీద ఈతగాడు కూడా పైకి ఎక్కలేడు, ఎంత పాకినా జారుతూనే ఉంటాడు. అలాంటి గుంటకి నాలుగు వైపులా ముడులు వేసిన తాళ్లు నీళ్లలోకి వేలాడాలి. ఇక్కడ రెండు వైపులే ఉన్నాయి, చుట్టూ కంచె లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు అటు పోనివ్వకండి, మిగతా రెండు తాళ్లు కట్టమని అడగండి. గట్టు మీద మద్యం వద్దన్న నియమం ఉంది, నిజంగా అమలు చేస్తున్నారు. లైఫ్ జాకెట్లు నాలుగు ఉన్నాయి, పన్నెండు మందికి చాలవు.

భోజనం సాదా, కానీ అందరూ కలిసి వండుకునేలా పెట్టడం బాగుంది. పొద్దున పట్టిన చేపలోంచి రెండు కిలోలు పక్కన పెట్టి, కట్టెల పొయ్యి మీద మట్టికుండలో పులుసు. అడుగున మేసే ఎర్రమోసుకి చెరువు మట్టి వాసన ఉంటుంది. నీళ్లలో పెరిగే కొన్ని రకాల పాచి నుంచి వచ్చే వాసన అది. ముక్కలకి కల్లుప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి కడిగితే చాలావరకు పోతుంది, మిగిలింది చింతపండు చూసుకుంటుంది. ముక్కలు వేశాక గరిటె పెట్టొద్దు, రెండు చేతులతో కుండని పట్టుకుని తిప్పాలి. ఉల్లిపాయలు ఒకరు, చింతపండు ఒకరు, పొయ్యి ఒకరు. వంటలో చెయ్యి పెట్టినవాళ్లు సాయంత్రానికి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు.

తూకం దగ్గర నిలబడి చూడండి. గిన్నె పెట్టాక కాటా సున్నా మీదికి తెచ్చారా, సంచిలో నీళ్లు వంచేశారా అన్నవి రెండూ అడగాలి. కడిగి కోయడానికి వేరే కట్టాలి, కోసేది తూకం అయ్యాకే. ఎండాకాలం ఇంటిదాకా రెండు గంటల ప్రయాణం ఉంటే కిలో చేపకి కిలో ఐసు కావాలి. పెద్ద గడ్డ కాదు, చితకగొట్టిన ఐసు. పెట్టెలో కింద ఒక పొర, చేప, పైన ఒక పొర, కరిగిన నీళ్లు బయటికి పోయేలా పెట్టె అడుగున చిన్న చిల్లు. చెరువు దగ్గర ఐసు దొరకదు, మేడ్చల్‌లోనే కొనుక్కుని వెళ్లాలి.

ఇలాంటి చెరువులో అలవాటయ్యాక దారిలో కనిపించే ఊరి చెరువులో గాలం వేయాలనిపిస్తుంది. ఊరి చెరువుల్లో చేపలు పట్టే హక్కు చాలావరకు మత్స్యకార సహకార సంఘాలది, ఆ చేపపిల్లల్ని పెంచుకునేది వాళ్లే. సంఘం వాళ్లని అడిగి, ఒప్పుకుంటేనే వేయండి.

బుక్ చేసేటప్పుడు తూర్పు గట్టు అడగండి. పొద్దున ఎండ వీపు వైపు ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి నీటి మీది తిండిని ఈ గట్టుకే తోస్తుంది, చేప దాని వెంట వస్తుంది. ఎదురుగాలికి దూరం విసరలేరు గానీ విసరనక్కర్లేదు, 20 అడుగులు చాలు. 3 దాటాక ఎండ కళ్లలో కొడుతుంది, అంచున్న టోపీ పెట్టుకోండి. జోడీకి ఒకటి అదనంగా పెట్టుకుంటే ఇంకా మంచిది, టోపీ మర్చిపోయి వచ్చేవాళ్లు ప్రతి శనివారం ఒకరైనా ఉంటారు.